బోరు మోటారు స్టార్టర్ బోర్డులో ట్రాకుల మధ్య దూరం ఎంత ఉండాలి: మొదటి నుంచి చివరి దాకా

"230 వోల్టులకు పీసీబీ మీద ట్రాకుల మధ్య ఎంత గ్యాప్ వదలాలి?" అని అడిగి చూడండి (పీసీబీ అంటే సర్క్యూట్ బోర్డు, ట్రాకులంటే దాని మీది రాగి గీతలు). ఒకరు 1.25 మి.మీ. అంటారు, ఒకరు 3 అంటారు, ఇంకొకరు 8 లేకపోతే బోర్డే కాదంటారు. ముగ్గురిదీ కరెక్టే అయ్యే అవకాశం ఉంది, ఎందుకంటే అసలు ప్రశ్నే సగం అడిగారు. ఏ రెండు ట్రాకుల మధ్య? ఆ బోర్డు ఎక్కడ ఉండబోతోంది? ఈ రెండూ చెప్పకుండా మి.మీ.లు చెప్పడం కుదరదు.

అందుకే ఊరికే థియరీ కాకుండా ఒక నిజమైన బోర్డు తీసుకుందాం. మన పొలాల్లో బోరు మోటార్లకు బిగించే మొబైల్ స్టార్టర్ అందరూ చూసే ఉంటారు. ఫోన్ చేస్తే మోటారు ఆన్ అవుతుంది, ఇంకో నంబరు నొక్కితే ఆగుతుంది. ఆ బోర్డు మీద ఒక పక్క మూడు ఫేజులు, అంటే 415 వోల్టులు, ఇంకో పక్క సిమ్ కార్డు, యాంటెన్నా. బ్యాలెన్స్ అయిపోతే రైతు డబ్బా తెరిచి వేలితో సిమ్ తీస్తాడు, మెయిన్ ఆపకుండానే. ఈ బోర్డుకు సరిపోయేలా డిజైన్ చేయడం వస్తే ఇంట్లో వాడే ఎల్‌ఈడీ డ్రైవరు, వైఫై స్విచ్చు లాంటివి చాలా తేలికైపోతాయి.

ముందే ఒక మాట. మూడు ఫేజుల్లో రెండింటి నుంచి పవర్ తీసుకునే సప్లైలో కెపాసిటర్ల మీద 415 × 1.414, అంటే 587 వోల్టుల డీసీ ఉంటుంది. వోల్టేజ్ 10 శాతం పెరిగితే 645. కరెంటు తీసేసినా బ్లీడర్ రెసిస్టర్లు (చార్జ్‌ని మెల్లగా ఖాళీ చేసేవి) లేకపోతే ఆ చార్జ్ చాలాసేపు అలాగే ఉంటుంది. మీటరుతో చూడకుండా చెయ్యి పెట్టొద్దు.

ముందు రెండు మాటలు తెలియాలి

క్లియరెన్స్ అంటే రెండు లోహపు భాగాల మధ్య గాలిలో అతి తక్కువ దూరం. క్రీపేజ్ అంటే అవే రెండు భాగాల మధ్య బోర్డు ఉపరితలం వెంబడి అతి తక్కువ దూరం. ఈగ ఎగిరే దారి క్లియరెన్స్, చీమ నడిచే దారి క్రీపేజ్ అనుకోండి, ఇక మర్చిపోరు.

రెండూ చెడిపోయే తీరు వేరు. గాలిలో ఫెయిల్ అయ్యేది క్షణంలో, పిడుగుపాటుకో, పక్క మోటారు ఆగినప్పుడు వచ్చే స్పైక్‌కో. కాబట్టి క్లియరెన్స్ లెక్క పీక్ వోల్టేజ్ మీద, సర్జ్ మీద ఆధారపడుతుంది. ఉపరితలం మీద అలా కాదు, నెలలు పడుతుంది. పొలంలో డబ్బాలోకి సన్నని దుమ్ము చేరి బోర్డు మీద పొరలా కూర్చుంటుంది. రాత్రి కరెంటు లేనప్పుడు బోర్డు చల్లబడి దాని మీద తేమ పడుతుంది, తెల్లవారుజామున సరిగ్గా బోర్డు తడిగా ఉన్నప్పుడే కరెంటు వస్తుంది. ఆ తడి దుమ్ము గుండా సన్నగా లీకేజీ మొదలై, ఆ వేడికి ఒక చోట తేమ ఆరిపోయి, ఆరిన ఆ కాస్త మేరలో చిన్న నిప్పురవ్వ పడుతుంది. ఆ రవ్వకి కింద ఉన్న ఎపాక్సీ మాడి బొగ్గవుతుంది. బొగ్గు కరెంటును పోనిస్తుంది కదా, మర్నాడు ఇంకొంచెం ముందుకు పాకుతుంది. పాడైన స్టార్టర్ బోర్డును లెన్స్ కింద పెట్టి చూస్తే రెండు ప్యాడ్‌ల మధ్య నల్లగా కొమ్మలు కొమ్మలుగా కనిపించేది ఇదే, దీన్నే ట్రాకింగ్ అంటారు. ఇది రోజుల తరబడి ఉండే వోల్టేజ్ వల్ల జరిగేది కాబట్టి క్రీపేజ్‌కి ఆర్‌ఎంఎస్ వోల్టేజ్ (మీటరు చూపించే మామూలు 230, 415 లాంటి అంకె) చూస్తారు.

మొదటి పని: సర్క్యూట్‌కి రంగులు వేయండి

లేఅవుట్ సాఫ్ట్‌వేర్ తెరవకముందే స్కీమాటిక్ ప్రింట్ తీసి స్కెచ్ పెన్నులతో కూర్చోండి. మెయిన్స్‌తో నేరుగా కలిసిన ప్రతి తీగకూ ఎరుపు, మనిషి చెయ్యి తగలగలిగే సిమ్, యాంటెన్నా, బటన్లు, మైక్రోకంట్రోలర్ వైపుకు నీలం, ఎర్త్‌కూ ఇనుప డబ్బాకూ ఆకుపచ్చ.

ఎరుపు, నీలం కలిసే ప్రతి చోటా రీఇన్‌ఫోర్స్‌డ్ ఇన్సులేషన్ కావాలి, అంటే ఒక తప్పు జరిగినా మనిషి బతకాలి. ఎరుపుకీ ఎర్త్‌కీ మధ్య బేసిక్ చాలు. రెండు ఎరుపుల మధ్య, ఉదాహరణకు సప్లైలో స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్ అయిన మాస్‌ఫెట్ డ్రెయిన్‌కీ సోర్స్‌కీ మధ్య ఉండేది ఫంక్షనల్. అక్కడ షార్ట్ అయితే ఫ్యూజు పోవాలి, మంట రాకూడదు, అంతే.

రంగులు వేస్తుంటే ఎరుపు తీగ నేరుగా సిమ్ సాకెట్ దాకా వెళ్ళిపోతే, మీ సప్లై ట్రాన్స్‌ఫార్మర్ లేని కెపాసిటర్ సప్లై అన్నమాట. అలాంటి బోర్డులో ఎన్ని మి.మీ.లు వదిలినా లాభం లేదు, ఆ సర్క్యూట్ పక్కన పెట్టేసి ఐసోలేటెడ్ సప్లైతో (ట్రాన్స్‌ఫార్మర్‌తో మెయిన్స్‌ని విడదీసేది) మళ్ళీ మొదలుపెట్టండి.

రెండో పని: నాలుగు సంగతులు రాసుకోండి

పట్టికలు ఉన్నది ఐఈసీ 60664-1లో. లో వోల్టేజ్ పరికరాల ఇన్సులేషన్‌కి మూలం ఇదే, చాలా ఉత్పత్తుల ప్రమాణాలు దీని నుంచే అంకెలు తీసుకుంటాయి. సర్టిఫికేషన్‌కి వెళ్ళేటప్పుడు మాత్రం మీ ఉత్పత్తికి వర్తించే ప్రమాణంలో ఏముంటే అదే ఫైనల్, స్టార్టర్లకైతే ఐఎస్/ఐఈసీ 60947 వరుస చూడాలి.

మొదటిది వర్కింగ్ వోల్టేజ్. ఫేజుకీ ఫేజుకీ మధ్య 415, పట్టికలో దీనికి 400 వరుస వాడతారు. ఫేజుకీ భూమికీ మధ్య 240, దీనికి 250 వరుస.

రెండోది ఓవర్‌వోల్టేజ్ కేటగిరీ. గోడ ప్లగ్గులో పెట్టే సామాను కేటగిరీ 2, కరెంటు బోర్డుకు శాశ్వతంగా బిగించేది 3, సర్వీసు వైరు దిగే మీటరు దగ్గర ఉండేది 4. మన 240/415 లైనుకు ఇవి తట్టుకోవాల్సిన సర్జ్ వరుసగా 2500, 4000, 6000 వోల్టులు. స్టార్టర్ పద్ధతి ప్రకారం కేటగిరీ 3. కానీ పొలంలో స్తంభం నుంచి దిగిన వైరు మీటరు దాటగానే స్టార్టరే కాబట్టి 4 అని వాదించేవాళ్ళూ ఉన్నారు, ఆ వాదనలో పస ఉంది.

మూడోది పొల్యూషన్ డిగ్రీ. ఇల్లు, ఆఫీసు 2. దుమ్ము తడిసి కరెంటు పోనిచ్చే చోటు 3. పొలం డబ్బా గురించి ఆలోచించక్కర్లేదు, 3. డబ్బాకి గాస్కెట్ ఉందిగా, 2 వేసుకుందాం అనిపిస్తుంది. ఆ డబ్బా తలుపు ఎన్నిసార్లు సరిగ్గా మూసి ఉండగా చూశారో గుర్తు తెచ్చుకోండి.

నాలుగోది బోర్డు మెటీరియల్ సీటీఐ. అమ్మోనియం క్లోరైడ్ నీళ్ళ చుక్కలు 30 సెకన్లకొకటి చొప్పున 50 వేసి, ఎన్ని వోల్టుల దాకా ట్రాకింగ్ రాకుండా తట్టుకుంటుందో చూసే అంకె ఇది. 600, ఆపైన అయితే గ్రూప్ 1, 400 నుంచి 600 లోపు గ్రూప్ 2, 175 నుంచి 400 లోపు గ్రూప్ 3ఏ. మామూలు ఎఫ్‌ఆర్-4 గ్రూప్ 3ఏలో వస్తుంది. సీటీఐ 600 ఉన్న ఎఫ్‌ఆర్-4 కూడా దొరుకుతుంది, ఆర్డర్‌లో రాసి అడగాలి. గోధుమ రంగు పేపర్ ఫినాలిక్ బోర్డు తేమ పీలుస్తుంది, చవకగా వస్తుందని దాన్ని ఇక్కడికి తేవొద్దు.

ఎత్తు సంగతి కూడా ఉంది గానీ మనకు పెద్దగా పట్టదు, ఈ అంకెలు 2000 మీటర్ల దాకా చెల్లుతాయి. అదే స్టార్టర్ లద్దాఖ్‌లో అమ్మాలంటే మాత్రం గాలి పలచన కాబట్టి క్లియరెన్స్ పెంచాలి, 4000 మీటర్లకు 1.29 రెట్లు.

మూడో పని: అంకె తేల్చడం

ఎరుపుకీ నీలానికీ మధ్య ముందు చూద్దాం. కేటగిరీ 3లో సర్జ్ 4000 వోల్టులు, దానికి బేసిక్ క్లియరెన్స్ 3.0 మి.మీ. రీఇన్‌ఫోర్స్‌డ్ కావాలంటే ఒక మెట్టు పైకి, అంటే 6000 వోల్టుల వరుస చూడాలి, అది 5.5 మి.మీ. ఇక క్రీపేజ్: 250 వరుస, డిగ్రీ 3, గ్రూప్ 3 కలిసే చోట 4.0 ఉంటుంది, రీఇన్‌ఫోర్స్‌డ్‌కి రెట్టింపు, అంటే 8.0 మి.మీ. రెండింటిలో పెద్దదే పాటించాలి కాబట్టి ఎరుపుకీ నీలానికీ మధ్య ఖాళీ 8 మి.మీ.

ఇందాకటి కేటగిరీ 4 వాదన గుర్తుందా? దాని ప్రకారం రీఇన్‌ఫోర్స్‌డ్ క్లియరెన్స్ 8000 వోల్టుల వరుసకు వెళ్తుంది, అదీ సరిగ్గా 8 మి.మీ. అంటే 8 వదిలితే ఆ గొడవ కూడా తీరిపోయినట్టే. నేనైతే ఇలాంటి బోర్డులో 8కి తగ్గేదే లేదంటాను.

ఫేజుకీ ఫేజుకీ మధ్య 400 వరుస, డిగ్రీ 3, గ్రూప్ 3: 6.3 మి.మీ. ఇక్కడే చాలా బోర్డులు దొరికిపోతాయి, ట్రాకుల దగ్గర కాదు, టెర్మినల్ దగ్గర. 5.08 పిచ్ (కాళ్ళ మధ్య దూరం) స్క్రూ టెర్మినల్‌కి 2.6 ప్యాడ్ వేస్తే మధ్యలో మిగిలేది 2.5 మి.మీ.లే. 7.62 పిచ్ తీసుకున్నా 5 దగ్గరే ఆగుతుంది. 10.16 పిచ్ వాడండి, 7.5 మిగులుతుంది.

ఐపీసీ-2221 (పీసీబీ డిజైన్ ప్రమాణం) పట్టిక సంగతేంటి అని అడుగుతారు. ఆన్‌లైన్ కాలిక్యులేటర్లు ఎక్కువగా దాన్నే వాడతాయి, 1.25 అన్న అంకె వచ్చేది అందులోంచే. అది సర్క్యూట్ పని చేయడానికి చూసే అంకె, మనిషి ప్రాణానికి సంబంధించింది కాదు. అలాగే ఐఈసీ పట్టికలోనే ప్రింటెడ్ వైరింగ్ అని ఇంకో కాలమ్ ఉంటుంది, 250 దగ్గర 1.0 మి.మీ. అని ఊరిస్తుంది. అది డిగ్రీ 1, 2లకే, మన డబ్బాకి చెల్లదు.

నాలుగో పని: బోర్డును రెండు ముక్కలుగా చూడటం

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ తెరవండి. మొదట వేయాల్సింది కాంపొనెంట్ కాదు, గీత. బోర్డుకు అడ్డంగా 8 మి.మీ. వెడల్పున, వీలైతే తిన్నగా ఒక ఖాళీ పట్టీ గీసి, అన్ని లేయర్లలోనూ అక్కడ రాగి రాకూడదని కీప్‌అవుట్ పెట్టండి. ఆ పట్టీ వంకర్లు తిరిగిన కొద్దీ ఎక్కడో ఒక మూల దూరం తగ్గిపోతుంది. కీక్యాడ్ అనే పీసీబీ సాఫ్ట్‌వేర్‌లో ఎరుపు నెట్‌లన్నిటికీ ఒక నెట్ క్లాస్, నీలానికి ఒకటి పెట్టి, రెండింటి మధ్య 8 అని కస్టమ్ రూల్ రాసుకోండి. వెర్షన్ 9 నుంచి స్లాట్ల (బోర్డులో కోసే పొడవాటి కంతల) చుట్టూ తిరిగే దారిని లెక్కేసి క్రీపేజ్ కూడా చెక్ చేస్తుంది.

కానీ సాఫ్ట్‌వేర్‌కి స్క్రూ తెలియదు. ఎం3 స్క్రూకి వాషర్ వేస్తే 7 మి.మీ. వెడల్పు లోహం, అది ఇనుప డబ్బాకి కలిసి ఉంటుంది. రంధ్రం నుంచి కాకుండా వాషర్ అంచు నుంచి కొలవాలి. హీట్‌సింకూ అంతే. ట్రాన్స్‌ఫార్మర్ ఫెర్రైట్ కోర్ కూడా లోహం కిందే లెక్క, దాని కింద నుంచి ఇటు ప్రైమరీ ట్రాకు, అటు సెకండరీ ట్రాకు పోనిస్తే పట్టీ వెడల్పు అంతా కోర్ మీదుగా వృథా.

ఐదో పని: పట్టీ దాటే కాంపొనెంట్లు

అసలు కథ ఇక్కడుంది. ఎంత జాగ్రత్తగా పట్టీ గీసినా, దాన్ని దాటే కాంపొనెంట్లలో ఇరుకైనది ఏదో దాని వెడల్పే మీ ఇన్సులేషన్ వెడల్పు.

నాలుగు కాళ్ళ మామూలు ఆప్టోకప్లర్‌ని (కరెంటు కలవకుండా వెలుతురుతో సిగ్నల్ దాటించే భాగం) చూడండి. రెండు వరుసల మధ్య 7.62 మి.మీ. చేతి సోల్డరింగ్‌కి బాగుంటుందని 1.6 ప్యాడ్ వేస్తాం, మధ్యలో మిగిలింది 6.02. మనకు కావాల్సింది 8. వెంటనే కింద స్లాట్ కోసేద్దాం అనిపిస్తుంది. స్లాట్ బోర్డు మీద దారిని పొడిగిస్తుంది నిజమే, కానీ ఆప్టో ఒంటి మీద ఒక కాలి నుంచి ఇంకో కాలి దాకా ఉన్న దారి అలాగే ఉంటుంది, దుమ్ము దాని మీదా పడుతుంది. సీటీఐ 600 బోర్డు తెప్పిస్తే? గ్రూప్ 1కి 3.2 రెట్టింపు 6.4, అదీ చాలదు, పైగా ఆప్టో ఒంటి ప్లాస్టిక్ గ్రూప్ వేరే. దీనికి సరైన మందు అదే ఆప్టోలో కాళ్ళు వెడల్పుగా వంచి వచ్చే రకం, 10.16 మి.మీ. పిచ్. 1.6 ప్యాడ్ వేసినా 8.56 మిగులుతుంది, డేటాషీట్‌లో క్రీపేజ్ 8కి తగ్గలేదని చూసుకుని కొనండి.

రిలే దగ్గర ఇంకా ఘోరం. మార్కెట్లో కుప్పలుగా దొరికే ఐదు కాళ్ళ చిన్న నీలం రిలేలో కాయిల్ కాళ్ళు రెండింటి మధ్యే కామన్ కాంటాక్ట్ కాలు ఉంటుంది. అంటే 5 వోల్టులకీ మెయిన్స్‌కీ మధ్య కొన్ని మి.మీ.లే. దాని డేటాషీట్ చూస్తే కాయిల్‌కీ కాంటాక్ట్‌కీ మధ్య 1500 వోల్టులు అని ఉంటుంది, అది రీఇన్‌ఫోర్స్‌డ్ కాదు. కాయిల్ ఒక చివర, కాంటాక్టులు ఇంకో చివర ఉండి, 8 మి.మీ. క్రీపేజ్, 4000 లేదా 5000 వోల్టులు అని రాసి ఉన్న రిలే తీసుకోండి. పది ఇరవై రూపాయలు మిగుల్చుకుందామని చూసే చోటు కాదిది.

ప్రైమరీ నుంచి సెకండరీకి వేసే కెపాసిటర్ వై1 రకమే అయి ఉండాలి. 10 మి.మీ. పిచ్‌కి ప్యాడ్ 1.8 దాటకుండా వేయండి, 8.2 మిగులుతుంది. 2.2 నానోఫారడ్ అయితే 230 వోల్టుల దగ్గర దాని గుండా 0.16 మిల్లీయాంపులు పోతుంది, ఎక్కువ వేస్తే యాంటెన్నా ముట్టుకున్నప్పుడు జివ్వుమంటుంది.

ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించేటప్పుడు సెకండరీకి ట్రిపుల్ ఇన్సులేటెడ్ వైరు అడగండి. మామూలు ఎనామిల్ వైరు అయితే బాబిన్ రెండు అంచుల్లో మార్జిన్ టేపు కావాలి, చుట్టేవాళ్ళు చోటు చాలక దాన్ని మింగేస్తారు.

ఎరుపులో ఎరుపు

మనిషికి ప్రమాదం లేకపోయినా బోర్డు తగలబడే చోట్లు ఇవి. టీఓ-220 మాస్‌ఫెట్ కాళ్ళ మధ్య 2.54 మి.మీ., 1.7 ప్యాడ్ వేస్తే 0.84 మిగులుతుంది. దాని మీద 645 వోల్టుల డీసీ, ప్లస్ ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే స్పైక్. ఇక్కడ ఐపీసీ సూత్రం వాడొచ్చు, 500 వోల్టుల దాకా 2.5 మి.మీ., ఆపైన ఒక్కో వోల్టుకి 0.005. 900 వోల్టుల పీక్‌కి 4.5 వస్తుంది. మధ్య కాలుని ముందుకు వంచి వేరే వరుసలో రంధ్రం పెట్టండి, లేదా డ్రెయిన్ వెనక ప్లేటుకి ఉండే డీ2-ప్యాక్ వాడండి. ముందు ఒక ఫ్యూజు మాత్రం తప్పనిసరి.

ఫేజు ఉందో లేదో చూడటానికి పెట్టే రెసిస్టర్లు ఇంకో చోటు. 1206 సైజు రెసిస్టర్ సాధారణంగా 200 వోల్టులకే. 645 పీక్‌కి మూడు సిరీస్‌లో పెడితే 600, చాలదు, నాలుగు పెట్టండి, పాములా మెలికలు తిప్పకుండా ఒకే వరుసలో. మెలిక తిప్పితే మొదటిదీ చివరిదీ పక్కపక్కకు వచ్చేస్తాయి.

స్లాట్లు, లోపలి లేయర్లు, ఫ్యాబ్రికేటర్

స్లాట్ ఎంత సన్నగా ఉన్నా పని చేస్తుందనుకోవద్దు. డిగ్రీ 2లో 1 మి.మీ., డిగ్రీ 3లో 1.5 మి.మీ. కంటే సన్నదైతే లెక్కలోకే రాదు, దుమ్ము దాన్ని పూడ్చేస్తుందని ప్రమాణం అనుకుంటుంది. 2 మి.మీ. కోయించండి. దాని చివర్లు ప్యాడ్‌లు దాటి ఇంకొంచెం ముందుకు పోవాలి, లేకపోతే దారి చివర నుంచి తిరిగి వచ్చేస్తుంది. గాలిలో దూరం మాత్రం స్లాట్ వల్ల ఒక్క మి.మీ. కూడా పెరగదు.

గ్రీన్ సోల్డర్ మాస్క్‌ని ఇన్సులేషన్‌గా లెక్కేయొద్దు, పిన్‌హోల్స్ ఉంటాయి, గీతలు పడతాయి. నాలుగు లేయర్ల బోర్డులో ఎరుపు మీదుగా నీలం పోనివ్వాలంటే మధ్య మందం కనీసం 0.4 మి.మీ. కావాలని ఐటీ, ఆడియో పరికరాల ప్రమాణాలు అంటాయి. ప్రీప్రెగ్ (లేయర్లని అంటించే పొర) మామూలుగా 0.2 దగ్గరే ఉంటుంది కాబట్టి, పట్టీ మీదకి ఏ లేయర్‌నీ రానివ్వకపోవడమే మేలు.

ఫ్యాబ్రికేటర్‌కి పంపేటప్పుడు డ్రాయింగ్ మీద మూడు ముక్కలు రాయండి. స్లాట్లకి ప్లేటింగ్ (లోపలి గోడకు రాగి పూత) వద్దు. ఖాళీగా ఉంది కదా అని బ్యాలెన్స్ కోసం రాగి చుక్కలు నింపొద్దు. మీ లోగో, డేట్ కోడ్ రాగితో ఈ పట్టీలో వేయొద్దు. ఈ మూడూ జరిగేవే, రాయకపోతే వాళ్ళని అనలేం కూడా.

అసెంబ్లీ, ఆ తర్వాత

ఫ్లక్స్ కడగండి. నో-క్లీన్ అని డబ్బా మీద ఉన్నా సరే, చేత్తో సోల్డర్ చేసిన చోట సగం కాలిన ఫ్లక్స్ మిగులుతుంది, తేమ తగిలితే అదే లీకేజీ దారి. కడిగి, ఆరబెట్టి, అప్పుడు కన్ఫార్మల్ కోటింగ్ (బోర్డు మీద వేసే రక్షణ పూత). మురికి మీద కోటింగ్ వేస్తే మురికిని లోపల దాచినట్టే. కోటింగ్ వేశాం కదా అని 8ని 5.5కి తగ్గించుకోవాలంటే ఆ కోటింగ్‌కి ఐఈసీ 60664-3 ప్రకారం టెస్టులు ఉండాలి, బ్రష్‌తో పూసిన వార్నిష్‌కి ఆ హోదా రాదు.

డబ్బాకి వైర్లు వచ్చే రంధ్రాలకు గ్లాండులు బిగించండి. స్టార్టర్ డబ్బాలో బల్లి చచ్చి ఉండటం ఏ మెకానిక్‌ని అడిగినా చెప్తాడు. ఫేజుల మీద అడ్డంగా పడిన బల్లికి మీ 6.3 మి.మీ. ఒక లెక్క కాదు.

టెస్టింగ్

ముందు కరెంటు లేకుండా చేసేది. బోర్డును సీల్ చేసిన కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో గంటసేపు ఉంచి, బయటకు తీసి కవర్ విప్పండి, నిమిషంలో సన్నగా తేమ పడుతుంది. అప్పుడే మూడు ఫేజులూ కలిపి ఒక వైపు, సిమ్ వైపు పిన్నులన్నీ కలిపి ఇంకో వైపు పెట్టి 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ రెసిస్టెన్స్ కొలిచే మీటరు) చూడండి. పొడిగా ఉన్నప్పుడు వచ్చిన రీడింగ్‌తో పోల్చండి. బాగా పడిపోయి, ఆరాక కూడా తిరిగి రాకపోతే ఫ్లక్స్ మిగిలినట్టే.

తర్వాత హైపాట్, అంటే ఎక్కువ వోల్టేజ్ పెట్టి ఇన్సులేషన్ తట్టుకుంటుందో లేదో చూసే టెస్టు. రీఇన్‌ఫోర్స్‌డ్‌కి 230 వోల్టుల తరగతి సామానుకు ఎక్కువగా వాడేది 3000 వోల్టుల ఏసీ ఒక నిమిషం, లేదా 4242 వోల్టుల డీసీ. ఏసీ అయితే 2.2 నానోఫారడ్ వై కెపాసిటర్ గుండానే 2 మిల్లీయాంపులు పోతుంది, ట్రిప్ 1 దగ్గర పెడితే మంచి బోర్డు కూడా ఫెయిల్ అవుతుంది. 5 దగ్గర పెట్టండి, లేదా డీసీతో చేయండి. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య చేసే టెస్టు అయితే అక్కడున్న ఎంఓవీలు (సర్జ్‌ని మింగే భాగాలు) ముందు తీసేయాలి. వోల్టేజ్ మెల్లగా పెంచండి, టెస్టు అయ్యాక డిశ్చార్జ్ చేయకుండా బోర్డు ముట్టుకోకండి, దగ్గర ఇంకొకరు ఉంటే మంచిది.

ఫెయిల్ అయితే వెంటనే ట్రాకులు జరపొద్దు. లైట్లు ఆర్పి, దూరంగా నిలబడి ఇంకోసారి పెంచితే రవ్వ ఎక్కడ పడుతోందో కంటికి కనిపిస్తుంది. కింద వైపు ఎక్కువ మిగిలిపోయిన కాంపొనెంట్ కాళ్ళు, స్క్రూ వాషరు, ట్రాన్స్‌ఫార్మర్ పిన్ను దగ్గర పైకి లేచిన వైరు కొస, రిలే కింద ఇరుక్కున్న సోల్డర్ ఉండ, ఈ నాలుగూ చూశాకే లేఅవుట్ మీద అనుమానపడండి.